పని అడిగిన రసీదు ఏదీ?

కనిగిరి, పామూరు వైపు ఉపాధి హామీ పనిని చాలామంది ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఈ మెట్టలో ఒకప్పుడు సర్కారు డబ్బుతో మట్టి పని దొరికేది కరువొచ్చిన ఏటే మరి.

1876-78 ధాత కరువు నెల్లూరు, కర్నూలు జిల్లాలు రెండింటినీ పట్టి పీడించింది. ఇప్పటి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పుడు కర్నూలు కింద ఉండేవి. ఆకలితో వచ్చినవాళ్లను రోడ్ల పనుల్లో, కాలువ తవ్వకాల్లో పెట్టారు. ఖర్చు ఎక్కువైపోతోందని 1877 మొదట్లో వైస్రాయ్ పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ మగకూలికి రోజుకు పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. ఎండలో మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు? జనం చచ్చాక 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో మద్రాసు కరువు కోడ్ వచ్చాయి. పని పెట్టడం సర్కారు బాధ్యత అని ఒప్పుకున్నారు గానీ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో మాత్రం దొరల ఇష్టం.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ పద్ధతి పెద్దగా మారలేదు. 1980లో జాతీయ గ్రామీణ ఉపాధి కార్యక్రమం, 1983లో భూమిలేని కూలీల కోసం మరొకటి, 1989లో రెండూ కలిపి జవహర్ రోజ్‌గార్ యోజన. ముందు నిధులొచ్చేవి, వాటిని బట్టి పనులు, పనులను బట్టి కూలీలు. 2001 తర్వాతి పనికి ఆహారం పథకంలో కొన్నిచోట్ల మట్టి తవ్వింది యంత్రాలు, బియ్యం తిన్నది కాంట్రాక్టర్లు.

2005 ఉపాధి హామీ చట్టం ఆ వరుసను తిరగేసింది. 1972 కరువులో మొదలై 1977లో చట్టమైన మహారాష్ట్ర పథకం దీనికి మాదిరి. ముందు కూలీయే పని అడగాలి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి: మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆపైన సగం. కాంట్రాక్టర్లు నిషిద్ధం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం రెండో విడతలో, 2007లో, ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు వచ్చింది.

సేద్యం పనులు లేని వేసవిలో ఇది నిజంగానే ఆదుకుంది. ఆడామగా ఒకటే రేటు కావడం ఈ ఊళ్లకు చిన్న మార్పేమీ కాదు. ఏళ్ల తరబడి ఉద్యోగం లేని డిగ్రీ కుర్రాడికో, పలకల పరిశ్రమ చితికిపోయాక మిగిలిన మార్కాపురం పనివాడికో గడ్డపార ఇస్తే సరిపోదు. వాళ్ల కోసమని 2014లో దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన లాంటి శిక్షణ పథకాలు విడిగా పెట్టారు.

అసలు తిరకాసు డబ్బు ఎవరిదన్న దగ్గరుంది. 2005 చట్టంలో కూలి మొత్తం కేంద్రానిది, భృతి మాత్రం రాష్ట్రానిది. పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు చేతికొస్తే 15 రోజుల లెక్క మొదలవుతుంది. పని మంజూరయ్యాకే పేర్లు రాసుకుంటే ఆ లెక్కే ఉండదు, భృతి ఊసే రాదు. జాబ్ కార్డు ఉన్నా రసీదు ఎరగని ఇళ్లు అందుకే ఎక్కువ. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పని దినాలను 100 నుంచి 125కు పెంచింది, ఖర్చులో 40 శాతం రాష్ట్రం మీద పెట్టింది. ఇంతకుముందు భృతి, సామగ్రి ఖర్చులో నాలుగో వంతు రాష్ట్ర ఖజానాకు బరువు. ఇక కూలిలో వాటా కూడా దానిదే కాబట్టి, అడిగినవాళ్ల పేర్లు రాసుకోకపోవడానికి ఇంకో కారణం తోడైంది.