బండలు పరిచిన గదికి ఏ బాకా?

ఎర్రగుంట్ల నాపరాయో, బేతంచెర్ల బండో, తాడిపత్రి బండో. కడప, కర్నూలు, అనంతపురం ఇళ్లలో కాలి కింద చాలాచోట్ల వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఎండాకాలం చల్లగా హాయిగానే ఉంటుంది గానీ పాట వినేవాళ్లకు మాత్రం అదొక చిక్కు. నునుపు చేసిన రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్లే మింగి మిగతాదంతా తిరగ్గొడుతుంది. పైనున్న స్లాబు, చుట్టూ ఉన్న సిమెంటు గోడలు కూడా అంతే. ఇలాంటి గదిలోకి పాతకాలపు హారన్ స్పీకర్లు, అంటే బాకా స్పీకర్లు, తెచ్చుకోవాలనుకుంటే పేరు చూసి కొనేముందు గదిని కొలవాలని నా గట్టి అభిప్రాయం.

మామూలు స్పీకరులో కాగితపు కోను నేరుగా గాలిని నెడుతుంది. కోను బరువు, గాలి తేలిక. రోకలితో ఈకను నెట్టినట్టే. యాంప్లిఫయర్ ఇచ్చిన శక్తిలో నూటికి ఒక పాలు శబ్దంగా మారడమే గగనం, మిగతాదంతా కాయిల్లో వేడి. బాకాలో అలా కాదు. చిన్న డయాఫ్రం (కంపించే సన్నటి పొర) ఇరుకైన గొంతులోని గాలిని ఎక్కువ ఒత్తిడితో కదిలిస్తుంది. ఆ దారి ఒక లెక్క ప్రకారం మెల్లమెల్లగా వెడల్పవుతూ, ఒత్తిడిని తగ్గించుకుంటూ, నోటి దగ్గర గదిలోని గాలితో కలిసిపోతుంది. ఇలా చేస్తే నూటికి పది, ఇరవై పాళ్లు కూడా శబ్దంగా మారతాయి. ఈ వెడల్పు లెక్కను 1924లో హన్నా, స్లెపియన్ అనే ఇంజనీర్లు ప్రకటించారు. రెండేళ్లకే వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ 555 డ్రైవర్ (బాకా గొంతు వెనక ఉండి శబ్దం పుట్టించే భాగం) వచ్చి టాకీ సినిమాకు గొంతునిచ్చింది. ఇప్పుడు అందరూ వెతికే ఆల్టెక్ కంపెనీ 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' స్పీకరు 1945 నాటిది, పాల్ క్లిప్ష్ తయారుచేసిన క్లిప్ష్‌హారన్ 1946 నాటిది.

ఆ రోజుల్లో యాంప్లిఫయర్లు ఇచ్చేదే కొద్ది వాట్లు. హాలంతా వినపడాలంటే బాకా తప్ప గతి లేదు. ఆ అవసరం ఇప్పటి శ్రోతకు వరమైంది. మామూలు ఇంటి స్పీకరు ఒక వాటుకు మీటరు దూరంలో దాదాపు 87 డెసిబెల్లు ఇస్తే, క్లిప్ష్‌హారన్ 104 దాకా ఇస్తుంది. 17 డెసిబెల్ల తేడా అంటే 50 రెట్ల శక్తి. దీని విలువ పద్యనాటకం వినేటప్పుడు బాగా తెలుస్తుంది. నటుడు మామూలు మాట నుంచి పద్యం చివర రాగానికి ఎత్తుకున్నప్పుడు శబ్దం 20 డెసిబెల్లు పెరిగిందనుకోండి, కావలసిన శక్తి 100 రెట్లవుతుంది. మామూలు స్పీకరులో కాయిలు వేడెక్కి ఆ ఎత్తును కాస్త అణిచేస్తుంది. బాకాలో డయాఫ్రం కదలికే స్వల్పం కాబట్టి రాగం ఉన్నంత ఎత్తుకూ లేస్తుంది. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో పుట్టిన నాటక సంప్రదాయం మైకులు రాకముందు కేవలం గొంతు బలం మీద నిలబడింది. ఆ గొంతుల వారసత్వానికి తగిన స్పీకరు ఏదంటే నేను బాకా వైపే మొగ్గుతాను.

చిక్కంతా కొలతల్లో ఉంది. ఏ స్వరాన్ని బాకా బాగా పలకాలన్నా దాని నోటి చుట్టుకొలత ఆ స్వరం తరంగదైర్ఘ్యమంత ఉండాలి. 500 హెర్ట్జ్‌కు 22 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న నోరు చాలు. 50 హెర్ట్జ్‌కు రెండు మీటర్ల పైచిలుకు కావాలి, అంటే దాదాపు గోడంత! క్లిప్ష్ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. బాకాను మడిచి గది మూలకు ఆనించాడు. రెండు గోడలూ నేలా కలిసి బాకాకు కొనసాగింపు అవుతాయి కాబట్టి నోటి వైశాల్యం ఎనిమిదో వంతుకు తగ్గినా పని జరుగుతుంది. కానీ ఒకే గోడకు రెండు మూలలూ ఖాళీగా దొరకాలి. మన ఇళ్లలో మూలకు ఆనుకునే తలుపు పెడతారు, లేదా బీరువా ఉంటుంది. రెండు మూలలూ దొరకకపోతే క్లిప్ష్‌హారన్ ఆలోచన మానుకోవడమే మంచిది.

12 అడుగులకు 15 అడుగుల గదికి నేను చెప్పేది ఇది: కింది స్వరాలకు పెట్టెలో 15 అంగుళాల వూఫర్, 500 లేదా 800 హెర్ట్జ్ నుంచి పైకి బాకా. 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' వరుసలోని ఆల్టెక్ ఏ7 పద్ధతి ఇదే. కూర్చునే చోటు కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే వూఫర్ ఒకచోట, బాకా ఒకచోట పలుకుతున్నట్టు విడివిడిగా వినపడతాయి. బండల గదికి బాకా మేలు చేసేదీ ఇక్కడే. అది శబ్దాన్ని ముందుకే పంపుతుంది, నేలకూ కప్పుకూ తక్కువ తగులుతుంది. నోటి ఎత్తు జానెడే ఉంటే ఈ అదుపు రెండు మూడు వేల హెర్ట్జ్ దాటాకే వస్తుంది. అయినా స, ష, చ లాంటి హల్లుల పదును ఉండేది ఆ ప్రాంతంలోనే, అందుకే మాట స్పష్టంగా చెవిన పడుతుంది. మట్టి మిద్దెలో ఉండేవాళ్లు ఇంకా అదృష్టవంతులు, దూలాలూ దంతెలూ పై స్వరాలను చెదరగొడతాయి.

గుడి మైకు గొట్టం విన్నవాళ్లు బాకాలన్నీ అలాగే ముక్కుతో పలుకుతాయనుకుంటారు. ఆ గొట్టం దూరానికి మాట చేర్చడానికి చేసింది, సంగీతానికి కాదు. అయితే పాత సినిమా బాకాల్లోనూ పోత అల్యూమినియంవి కొన్ని గంటలా మోగుతాయి. కొనేముందు వేలి కణుపుతో కొట్టి చూడండి. మోగితే బయటివైపు మందమైన పుట్టీ పూస్తే తగ్గుతుంది.

అసలు పరీక్ష డ్రైవర్లది. రెండింటి డయాఫ్రంలూ ఒకే రకమా, ఒకటి తర్వాత మార్చిందా అని అడగాలి. మల్టీమీటరుతో రెండు కాయిళ్ల నిరోధం కొలిచి పోల్చాలి. మొదటిసారి వినేటప్పుడు డ్రైవరుకు వరుసలో ఒక కెపాసిటర్ తప్పనిసరి, యాంప్లిఫయర్ నుంచి వచ్చే ఒక్క కుదుపు చాలు సన్నటి డయాఫ్రం చిరిగిపోవడానికి. ఆల్నికో అయస్కాంతం బలం తగ్గి ఉంటే తిరిగి అయస్కాంతీకరించవచ్చు కాబట్టి దానికి భయపడక్కర్లేదు. వూఫర్ అంచు మడతల గుడ్డదైతే దశాబ్దాలు నిలుస్తుంది, ఫోముదైతే పొడిపొడిగా రాలుతుంది. కింది స్వరాలను వూఫర్‌కూ పై స్వరాలను బాకాకూ పంచే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మన ఎండలకు ఎండిపోయే ఉంటాయి, వాటి ధర ముందే లెక్కలో వేసుకోండి.

స్పీకర్లు వచ్చాక గదికి చేయాల్సింది కొంత మిగులుతుంది. వెనక గోడకు గొర్రె ఉన్ని కంబళి వేలాడదీయండి, గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి. ఆ ఎడం వల్ల అది ఇంకా కింది స్వరాలను కూడా పీల్చుకుంటుంది. 12 అడుగుల ఎడం ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర లేచే హోరుకు కంబళి చాలదు, స్పీకర్లనూ కుర్చీనీ అటూ ఇటూ జరిపి చూసుకోవాల్సిందే.