ముందు మేత, తర్వాతే జాతి: మాంసపు పశువులపై అపోహలు - వాస్తవాలు

మందలకు మేత లెక్కలు కట్టే పని నాది. "ఏ జాతి కొనమంటారు?" అనే చాలామంది మొదలుపెడతారు. నేను మాత్రం ముందు మేత గురించే అడుగుతాను. ఏడాదిలో పచ్చిమేత ఎన్ని నెలలు ఉంటుంది? మిగతా నెలల్లో దొరికేదాంట్లో పస ఎంత? ఎండ, చలి, పిడుదుల బెడద ఎలా ఉంది? దూడల కోసం పెంచే ఆవు ఏడాదంతా తినే మేతలోని శక్తిలో దాదాపు 70 శాతం దాని ఒంటిని నిలుపుకోవడానికే పోతుంది. ఆ ఖర్చు జాతిని బట్టి మారుతుంది. పాలైనా, కడుపులో దూడైనా మిగిలినదాంట్లోంచి రావలసిందే.

అపోహ: ఆవు ఎంత పెద్దదైతే దూడ అంత పెద్దది, లాభమూ అంతే.

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. ఆంగస్, హెర్‌ఫర్డ్ లాంటి విదేశీ మాంసపు జాతుల్లో ఒంటిని నిలుపుకోవడానికి రోజుకు కావలసిన నికర శక్తి (అరుగుదలలో పోయేది పోగా ఒంటికి దక్కేది) తెలియాలంటే, కిలోల్లో ఆవు బరువుకు 0.75 ఘాతం కట్టి 0.077తో గుణిస్తారు. 500 కిలోల ఆవుకు రోజుకు 8.1 మెగాకేలరీలు వస్తాయి, 600 కిలోల ఆవుకు 9.3. బరువు 20 శాతం పెరిగినా ఖర్చు 15 శాతమే పెరిగింది కదా, పెద్ద ఆవే పొదుపు అంటారు కొందరు. కానీ మనం అమ్మేది దూడను. 100 చిన్న ఆవులను పోషించే పచ్చిక మీద పెద్దవి 87 మాత్రమే బతుకుతాయి. చిన్న ఆవు దూడ పాలు మాన్పించే నాటికి 200 కిలోలు తూగుతుంటే, పెద్ద ఆవు దూడ 230 తూగితేనే రెండు మందలూ సరిసమానం. 215 దగ్గరే ఆగితే మొత్తం మీద దాదాపు 1,300 కిలోల దూడ బరువు పోయినట్టే. అదీ ప్రతి ఆవూ తప్పకుండా ఈనిందనుకుంటేనే.

అపోహ: పాలు బాగా ఇచ్చే జాతి ఎక్కడైనా మంచిదే.

వాస్తవం: మందలను ఎక్కువగా దెబ్బతీసేది ఈ నమ్మకమే అని నా అభిప్రాయం. పాలు ఎక్కువున్న ఆవు వట్టిపోయాక కూడా ఎక్కువ మేత అడుగుతుంది. దాని కాలేయం, పొట్ట, పేగులు పెద్దవి. ఒంటి బరువులో వీటి వాటా తక్కువే అయినా, శరీరం ఖర్చు చేసే శక్తిలో 40 నుంచి 50 శాతం వీటికే పోతుంది. అందుకే పోషణ పట్టికల్లో ఒంటిని నిలుపుకునే ఖర్చును, పాలు ఎక్కువిచ్చే సిమెంటాల్ జాతికి ఆంగస్ కంటే 20 శాతం ఎక్కువ, మూపురం జాతులకు 10 శాతం తక్కువ వేస్తారు.

మేత చాలనప్పుడు ఆవు ముందు తన ప్రాణం చూసుకుంటుంది, తర్వాత దూడకు పాలిస్తుంది. ఎదకు రావడం అన్నిటికన్నా చివర. చూడికాలం సుమారు 283 రోజులు కాబట్టి, ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 82 రోజుల్లోపు మళ్లీ చూడి నిలవాలి. తొలిచూలు ఆవులైతే ఇంకా ఎదుగుతూనే ఉంటాయి గనుక ముందు చూడి నిలవకుండా పోయేవి అవే.

ఈతకు ముందు ఆవును పక్క నుంచి చూడండి. చివరి రెండు పక్కటెముకలు కంటికి కనబడుతుంటే ఒంటి పుష్టిని బట్టి 1 (బక్క) నుంచి 9 (బాగా కొవ్వు) వరకు వేసే స్కోరులో అది 4 దాటనట్టే. కావలసింది కనీసం 5. తోక మొదట్లో చెయ్యి వేస్తే కాస్త కొవ్వు తగలాలి. మంద మందంతా 4 దగ్గరే ఉంటే ఆ నేలకు ఆ జాతి పాలు ఎక్కువయ్యాయని అనుమానించాలి.

అపోహ: మేలుజాతి ఏ మేత మీదైనా మేలుజాతే.

వాస్తవం: అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం క్లే సెంటర్‌లోని మాంసపు పశువుల పరిశోధన కేంద్రంలో 9 జాతుల ఆవులకు వేర్వేరు మోతాదుల్లో మేత పెట్టి పోల్చారు. 1994లో ఫలితాలు వెలువడ్డాయి. తిన్న మేతకు ఎంత దూడ బరువు వచ్చిందో చూస్తే, మేత తక్కువైనప్పుడు రెడ్ పోల్, ఆంగస్ లాంటివి ముందున్నాయి. మేత పుష్కలంగా పెట్టినప్పుడు గెల్బ్‌వీ, సిమెంటాల్, షారోలే పైకొచ్చాయి. ఆవులు అవే, మేత మారేసరికి వరుస తారుమారైంది.

అపోహ: మూపురం పశువు ఏం తిన్నా, ఎక్కడ పెట్టినా సరే.

వాస్తవం: సగం నిజం. బ్రాహ్మన్, ఒంగోలు సంతతికి చెందిన నెలోర్ వేడికి తట్టుకుంటాయి, పిడుదులకు అంత తేలిగ్గా లొంగవు, నాసిరకం గడ్డి మీద కూడా ఒళ్లు నిలుపుకుంటాయి. గింజల దాణా దండిగా పెట్టే చోట మాత్రం ఆంగస్ లాంటివి వాటికంటే వేగంగా బరువు కడతాయి. మూపురం జాతుల పెయ్యలు ఆలస్యంగా ఎదకొస్తాయి, మాంసం కూడా కాస్త గట్టి. వేడి ప్రాంతాల్లో ఈ రెండు రకాల సంకరం ఆవులు బాగా రాణిస్తాయి.

అపోహ: ఎండుగడ్డి మీద ఆవు చిక్కిపోతే గింజలు పోయాలి, లేదా జాతి మార్చాలి.

వాస్తవం: ముందు గడ్డిని పరీక్ష చేయించండి. ముడి ప్రొటీన్ 7 శాతం కంటే తగ్గితే పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలదు. గడ్డి అరగదు, అరగనప్పుడు ఆవు తినేదీ తగ్గుతుంది. ఎదురుగా గడ్డివాము ఉన్నా అర్ధాకలే. అలాంటప్పుడు గింజలు ఎక్కువగా పోస్తే పీచు అరుగుదల ఇంకా పడిపోతుంది. ముందు పత్తిగింజల చెక్క లాంటి ప్రొటీన్ మేత కొంచెం పెట్టి చూడండి. గడ్డి తినడం పెరిగి ఒళ్లు కోలుకుంటే లోపం జాతిలో లేనట్టే.

అపోహ: మధ్యరకం ఆవులకు బరువైన దూడలు పుట్టవు.

వాస్తవం: మేతకు తగ్గ ఆవులనే ఉంచుకుని, వాటి మీద షారోలే లాంటి బరువైన జాతి ఆబోతును వేయవచ్చు. పెయ్యల మీద మాత్రం వేయకండి, ఈత కష్టమవుతుంది. ఆ ఆబోతుకు పుట్టిన ఆడదూడలను కూడా అమ్మేయాలి. చూడ్డానికి బాగున్నాయని మందలో ఉంచుకుంటే కొన్నేళ్లకు ఆవుల బరువు మళ్లీ మేతను మించిపోతుంది.