చిన్నాయన రిపోర్టులో 38

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడు. ల్యాబ్ రిపోర్టు అప్పుడే చేతికొచ్చింది. "ఏఎఫ్‌పీ అంటే ఏందిరా? నాకు 38 ఉన్నది. 10 లోపే ఉండాలని పక్కన రాసిండ్రు. క్యాన్సరేనా?" ఆయనకు హెపటైటిస్ బీ, అంటే ముదిరితే కాలేయ క్యాన్సర్‌కు దారితీయగల వైరస్, ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అంత టెన్షన్.

ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. కడుపులో ఉన్న బిడ్డ కాలేయం దీన్ని బాగా తయారుచేస్తుంది. పుట్టిన తర్వాత క్రమంగా తగ్గిపోయి, పెద్దవాళ్ల రక్తంలో నామమాత్రంగా మిగులుతుంది. 1963లో మాస్కోలో గారీ అబెలెవ్ బృందం కాలేయ కణితి ఉన్న ఎలుకల్లో ఇది మళ్లీ తయారవుతోందని గుర్తించింది. మరుసటి ఏడాది యూరీ టటారినోవ్ కాలేయ క్యాన్సర్ రోగుల రక్తంలోనూ చూశాడు. పెద్దయ్యాక మూతపడిన జన్యువును క్యాన్సర్ కణం మళ్లీ తెరుస్తుందన్నమాట.

అయితే ఆ జన్యువు తెరుచుకునేది క్యాన్సర్‌లోనే కాదు. వైరస్ వల్ల కాలేయం వాచి, దెబ్బతిన్న కణాల చోట కొత్తవి పుడుతున్నప్పుడు కూడా ఏఎఫ్‌పీ పెరుగుతుంది. గర్భిణుల్లో పెరగడం మామూలే. ఇంకోపక్క, కాలేయ క్యాన్సర్ ఉండి కూడా ఏఎఫ్‌పీ పెరగనివాళ్లు చాలామంది ఉంటారు, ముఖ్యంగా కణితి చిన్నగా ఉన్నప్పుడు. 38 చూసి క్యాన్సర్ అనలేం, 8 చూసి లేదనీ అనలేం. చిన్నాయనకు నేను చెప్పింది ఇదే.

ఈ చిక్కు విప్పడానికి వాడిన ఉపాయం నాకు ఎంతో నచ్చుతుంది. ఏఎఫ్‌పీ ప్రోటీన్‌కు చక్కెర గొలుసు ఒకటి అతుక్కొని ఉంటుంది. క్యాన్సర్ కణాలు తయారుచేసే ఏఎఫ్‌పీలో ఆ గొలుసుకు ఫ్యూకోజ్ అనే చక్కెర అదనంగా చేరడం ఎక్కువ. మన కిరాణా కొట్లో దొరికే మసూర్ పప్పు గింజలోని ఒక ప్రోటీన్ ఆ ఫ్యూకోజ్ ఉన్నవాటిని గట్టిగా పట్టుకుంటుంది. అట్లా పట్టుబడిన భాగమే ఏఎఫ్‌పీ-ఎల్3. మొత్తంలో అది 10 శాతం దాటితే అనుమానం బలపడుతుంది.

కాలేయ క్యాన్సర్ అనుమానం తేల్చడానికి పివ్కా-2 అని ఇంకో రక్తపరీక్ష ఉంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోత్రాంబిన్ సగం తయారీలో బయటికొస్తే దాన్ని లెక్కిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ మందు వాడేవాళ్లలోనూ, విటమిన్ కె తక్కువైనవాళ్లలోనూ ఇది పెరుగుతుంది కాబట్టి, వాడే మందులన్నీ డాక్టరుకు ముందే చెప్పాలి.

చివరికి తేల్చేది చాలావరకు స్కానింగే. కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ తీస్తే, కణితి ముందు మెరిసి, తర్వాత చుట్టూ ఉన్న కాలేయం కంటే మసకబారుతుంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) ఉన్నవాళ్లు, హెపటైటిస్ బీ వల్ల ముప్పు ఎక్కువని డాక్టరు చెప్పినవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. దానితోపాటు ఏఎఫ్‌పీ కూడా చూస్తారు. ఒక్క నెంబరు కంటే, అది ప్రతిసారీ ఎటు పోతోందన్నదే ఎక్కువ చెబుతుంది.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మా దిక్కు ఊళ్లలో కామెర్లు వస్తే పసరు మందు పోయించుకొని, కళ్ల పచ్చదనం పోగానే రోగం పోయిందనుకుంటారు. పచ్చదనం దానంతటదే తగ్గవచ్చు. కొందరిలో వైరస్ మాత్రం ఏళ్లకేళ్లు కాలేయంలోనే ఉండిపోతుంది. చిన్నాయనది ఇదే కథ.

ఆయన సీటీలో కణితి లేదు, వైరస్ మాత్రం ఎక్కువగా ఉంది. వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మందు మొదలుపెట్టాక మూడు నెలలకు ఏఎఫ్‌పీ 11కు దిగింది. ఈలోపు చిన్నమ్మకు, పిల్లలకు కూడా హెపటైటిస్ బీ పరీక్ష చేయించాం. అందరికీ నెగటివే. పెద్దోడు చిన్నప్పుడు టీకా వేసుకోలేదు, వాడికి ఇప్పుడు రెండో డోసు అయింది.