పాత గేమింగ్ కంప్యూటర్: అప్‌గ్రేడ్ చేయాలా, కొత్తది కొనాలా? అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్ చుట్టుపక్కల కంప్యూటర్లు అమర్చే, బాగుచేసే పనిలో ఉన్న మాలాంటివారికి ఈమధ్య తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, దీన్నే అప్‌గ్రేడ్ చేయిద్దామా, తీసేసి కొత్తది కొందామా?" అడిగేవారిలో ఎక్కువ మంది 2017 - 2020 మధ్య, ఇంజినీరింగ్‌లో చేరిన కొత్తలో ఇంట్లో ఒప్పించి మెషీన్ కొనిపించుకున్నవారే. నా దృష్టిలో దీనికి సమాధానం మెషీన్ వయసును బట్టి ఉండదు. ఇప్పుడు పెట్టబోయే డబ్బు రేపటి మెషీన్‌లోకి కూడా వస్తుందా, లేక ఈ మదర్‌బోర్డుతోపాటే పోతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే పెట్టె), ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగమైన స్టోరేజ్), గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ తరువాతి మెషీన్‌లోకి వచ్చేస్తాయి. ప్రాసెసర్, ర్యామ్ మాత్రం చాలాసార్లు పాత బోర్డుతోనే ఆగిపోతాయి. ప్రచారంలో ఉన్న అపోహల్లో చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: అయిదారేళ్లు దాటిన మెషీన్‌పై డబ్బు పెట్టడం దండగ.

వాస్తవం: ఒకే ఏడాది కొన్న రెండు మెషీన్ల పరిస్థితి ఈరోజు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. 2018లో ఒకరు బీ450 బోర్డుతో ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 2600 కొన్నారనీ, మరొకరు హెచ్310 బోర్డుతో ఇంటెల్ ఐ5-8400 కొన్నారనీ అనుకుందాం. ఆనాటి ఆటల్లో రెండోదానిదే కాస్త పైచేయి. కానీ ఏఎండీ తన ఏఎం4 సాకెట్‌ను (బోర్డుపై ప్రాసెసర్ కూర్చునే అమరికను) 2017 నాటి మొదటి రైజెన్ల నుంచి 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ, 2024లో వచ్చిన 5700ఎక్స్3డీ వరకు కొనసాగించింది. కాబట్టి మొదటి వ్యక్తి బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టుకుంటే బోర్డు, ర్యామ్ మార్చకుండానే మరికొన్నేళ్లు నిశ్చింతగా ఆడుకోవచ్చు. రెండో వ్యక్తి బోర్డులో ఎనిమిది, తొమ్మిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లు తప్ప మరేవీ పనిచేయవు. వాటిలో మెరుగైన ఐ7 ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది, ఆ పాత బోర్డులున్న అందరూ దానికోసమే వెతుకుతారు కాబట్టి ధర ఒక పట్టాన దిగదు. పైగా చవక హెచ్310 బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం అంతంతమాత్రంగా ఉంటుంది. ఆ డబ్బును దాచుకోవడమో, గ్రాఫిక్స్ కార్డుపై పెట్టడమో మేలు.

ఏఎం4లో ప్రాసెసర్ మార్చేటప్పుడు చేయి తిరిగినవారు కూడా ఆచితూచి చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే, మెషీన్‌ను యూపీఎస్‌కు తగిలించి పూర్తిచేయాలి. కొత్తది పెట్టాక బోర్డు దాన్ని గుర్తుపట్టకపోతే తెరపై ఏమీ రాదు, మళ్లీ మొదటికి రావాలి. ఇక కూలర్ సంగతి. ఏఎం4 ప్రాసెసర్ అడుగున పిన్నులుంటాయి, ఏళ్ల తరబడి ఎండిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే లేపనం) కూలర్‌ను దాని నెత్తికి జిగురులా అతికించేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ను నిటారుగా పైకి లాగితే సాకెట్ లాక్ వేసి ఉన్నా సరే ప్రాసెసర్ దానితోపాటు ఊడి వచ్చి పిన్నులు వంగిపోతాయి. అందుకే ముందు కాసేపు ఏదైనా ఆట నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక పవర్ ఆపి, స్క్రూలు తీసి, కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి ఎత్తాలి. కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎంను (భద్రతా కీలను దాచే భాగాన్ని) రీసెట్ చేయమంటారా అని బోర్డు అడగవచ్చు. మీ డ్రైవ్‌పై బిట్‌లాకర్ (ఫైళ్లకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉండి, రికవరీ కీ చేతిలో లేకపోతే ఆ ప్రశ్నకు అవునని చెప్పకండి, ఫైళ్లు తెరుచుకోవు.

దండగ అన్న మాట నిజమయ్యే చోటు కూడా ఉంది. డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్‌తో నడిచే నాలుగో తరం ఐ5 మెషీన్‌కు వెతికి వెతికి ఐ7-4790 తెచ్చి వేయడం అలాంటిదే. ఆ బోర్డు, ఆ ర్యామ్, ఆ ప్రాసెసర్‌లలో ఏదీ రేపు మరో మెషీన్‌లోకి రాదు.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మారిస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: అడ్డు గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఉంటే సర్దుకుంటాయి. ఆ సంగతి తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, మీరు నిజంగా ఆడే ఆటలోనే, కార్డు వినియోగం ఎంత శాతం ఉందో తెరపై కనిపించేలా పెట్టుకోండి. అది 95 శాతానికి పైనే నిలకడగా ఉంటే కార్డే అడ్డు. 60, 70 దగ్గర ఊగిసలాడుతూ ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరపై వచ్చే చిత్రాల సంఖ్య) తక్కువగా ఉంటే, మీరే ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టుకోని పక్షంలో, ప్రాసెసర్‌నో ర్యామ్‌నో అనుమానించాలి. ఇంకో పరీక్ష ఉంది. ఆటలో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే కార్డుకు పని ఎక్కువైందని అర్థం. దాదాపు అలాగే ఉంటే ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అక్కడే ఆగుతుంది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 ఎక్కువగా ప్రాసెసర్‌పై ఆధారపడతాయి. సైబర్‌పంక్ 2077 వంటివి కార్డును పిండేస్తాయి. కాబట్టి స్నేహితుడికి పనికొచ్చిన సలహా మీకు పనికిరావాలని లేదు.

కార్డే అడ్డని తేలినా, చవకగా దొరికిన ప్రతి కార్డూ పాత బోర్డుకు సరిపోదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లేన్లతోనే (కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారులతోనే) పనిచేస్తుంది. మూడో తరం పీసీఐఈ ఉన్న పాత బోర్డులో పెడితే, పైగా మెమరీ నాలుగు జీబీయే కావడంతో, చాలా ఆటల్లో దాని వేగం బాగా పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ మెమరీ చూసి ముచ్చటపడేవారున్నారు. కొత్త ప్రాసెసర్‌తో అది నిజంగానే మంచి కార్డు. కానీ రీసైజబుల్ బార్ అనే సదుపాయం (కార్డు మెమరీ అంతటినీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు) లేని బోర్డులో దాన్ని పెట్టకూడదు, ఆ సదుపాయం ఉన్నా పాత ఆరు కోర్ల ప్రాసెసర్ల పక్కన అది తన సత్తా చూపలేదు. ఆర్‌ఎక్స్ 6600కు ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమరీ, 132 వాట్ల వినియోగం. పాత బోర్డులో స్వల్పంగా తప్ప నష్టపోదు, అందుకే నేను తరచుగా అటే మొగ్గుతాను.

జీటీఎక్స్ కార్డుల విషయం కూడా తెలుసుకోవాలి. 10 సిరీస్ కార్డులకు ఎన్‌విడియా 2025 అక్టోబరుతో కొత్త ఆటలకు తగిన డ్రైవర్లు ఇవ్వడం ఆపింది, ఇకపై వచ్చేవి భద్రతాపరమైన అప్‌డేట్‌లే. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టి చూపే పద్ధతి) హార్డ్‌వేర్ ఉన్న కార్డును తప్పనిసరి చేశాయి. ఆ హార్డ్‌వేర్ లేని జీటీఎక్స్ 1660 సూపర్ సెకండ్ హ్యాండ్‌లో ఎంత తక్కువకు వచ్చినా, కొత్త పెద్ద ఆటలు ఆడాలనుకునేవారు కొనవద్దు. వాలరెంట్‌తో సరిపెట్టుకునేవారికి మాత్రం అది ఈనాటికీ చక్కని కార్డే.

అపోహ: ఆట మధ్యలో తడబడుతోందంటే మెషీన్ పాతబడిపోయినట్టే.

వాస్తవం: మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు, కూలర్ రెక్కల మధ్య దుమ్ము పట్టి ఉంటే, ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట మొదలుపెట్టిన పావుగంట దాకా బాగుండి, ఆ తరువాత ఎఫ్‌పీఎస్ పడిపోతుంటే మొట్టమొదట చూడవలసింది ఉష్ణోగ్రతలనే. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, గాలి వేగానికి అది గిరగిరా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. థర్మల్ పేస్ట్ మార్చాక మామూలు స్థితికి వచ్చి, యజమాని కొత్త మెషీన్ ఆలోచనే మానుకున్న సందర్భాలు మా పనిలో కొత్త కాదు.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే వేగం అంత పెరుగుతుంది.

వాస్తవం: ఎనిమిది జీబీ నుంచి పదహారుకు వెళితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. పదహారు నుంచి ముప్పైరెండుకు వెళ్లినప్పుడు చాలా ఆటల్లో తెలియదు. అంతకంటే ముఖ్యం, ఉన్న ర్యామ్ సరిగా నడుస్తోందా లేదా అన్నది. పదహారు జీబీని రెండుగా కాక ఒకే స్టిక్‌గా పెట్టిన మెషీన్లు, 3200 వేగం ఉన్న ర్యామ్‌ను బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయక 2133 లేదా 2400 దగ్గరే నడుపుతున్న మెషీన్లు ఎన్నో కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం, వాడుతున్న స్లాట్ల సంఖ్య రెండూ అక్కడే ఉంటాయి. రైజెన్ మెషీన్లలో ఈ దిద్దుబాటు ఫలితం మరీ ఎక్కువ.

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల తయారీ సంస్థలు అటే మొగ్గుతున్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్త మెషీన్ అంటే చాలావరకు డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ కొనడమే కాబట్టి, చేతిలో డీడీఆర్4 ఉన్నవారు దాన్ని వదులుకునే ముందు మరోసారి లెక్క వేసుకోవాలి. ఒకప్పుడు బోర్డుతోపాటు పోయే వస్తువుగా లెక్కగట్టిన ర్యామ్, ఇప్పుడు ఆ బోర్డును నిలబెట్టుకోవడానికే కారణమవుతోంది.

అపోహ: ఎస్‌ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. లోడింగ్ సమయం బాగా తగ్గుతుంది. హార్డ్ డిస్క్‌పై కొత్త ప్రాంతాలు లోడ్ అయ్యేటప్పుడు వచ్చే తడబాటు కూడా పోతుంది. స్టార్‌ఫీల్డ్ వంటి ఆటలు ఎస్‌ఎస్‌డీని కనీస అవసరంగానే పేర్కొన్నాయి. సాటా రకం ఎస్‌ఎస్‌డీ ఇప్పటికే ఉంటే అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకానికి మారడం వల్ల ఆటల్లో కలిగే లాభం కొద్ది సెకన్లే.

అపోహ: విండోస్ 11 రాదు కాబట్టి మెషీన్ మార్చక తప్పదు.

వాస్తవం: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో "మీ పీసీ అర్హత లేనిది" అన్న సందేశం చూసి కంగారుపడి వచ్చినవారు ఎందరో. ఎనిమిదో తరం, ఆపై ఇంటెల్ ప్రాసెసర్లు, రైజెన్ 5 2600 అన్నీ అర్హమైనవే. చాలా బోర్డుల్లో విండోస్ 11 కోరే టీపీఎం అనే భద్రతా సదుపాయం ఉంటుంది కానీ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. డిస్క్ విభజన పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ముందు బ్యాకప్ తీసుకుని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, ఆ తరువాతే సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ మొదలయ్యేలా చూసే సదుపాయం) ఆన్ చేయాలి. విండోస్ 11పై వాలరెంట్‌కు టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ అవసరమే కాబట్టి ఈ శ్రమ వృథా కాదు. మొదటి తరం రైజెన్లు, మన దగ్గర విరివిగా అమ్ముడైన 2200జీ, 2400జీ మాత్రం విండోస్ 11 అర్హుల జాబితాలో లేవు. అయినా అవి ఏఎం4 సాకెట్‌వే కాబట్టి ప్రాసెసర్ మారిస్తే సరిపోతుంది. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. విడి కార్డు లేనివారు 5600జీ తీసుకోవాలి.

అపోహ: ఎస్‌ఎంపీఎస్‌పై 450 వాట్లు అని రాసి ఉంది, కొత్త కార్డుకు చాలు.

వాస్తవం: ఆ పెద్ద అంకెను కాక, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న పట్టికను చదవాలి. ప్రాసెసర్‌కూ, గ్రాఫిక్స్ కార్డుకూ కరెంటు వచ్చేది 12 వోల్టుల లైన్ నుంచి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే అది ఇవ్వగలిగేది 216 వాట్లే, పైన 450 అని ఎంత పెద్దగా రాసినా సరే. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో ఇలాంటివి సర్వసాధారణం. కార్డుకు కావలసిన పిన్ లేదని మోలెక్స్ అనే పాత రకం కనెక్టర్ నుంచి కన్వర్టర్ తగిలించి నడిపితే తీగ కాలిపోయే ప్రమాదం ఉంది. 80 ప్లస్ గుర్తు కూడా కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుందే తప్ప లోపలి నాణ్యతకు హామీ కాదు. అప్‌గ్రేడ్ బడ్జెట్‌లో మొదటి వాటా ఎస్‌ఎంపీఎస్‌కే ఇవ్వమని నేను పట్టుబట్టేది ఇందుకే. మంచిదైతే రెండు మెషీన్ల జీవితకాలం నడుస్తుంది.

కంపెనీ బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారమూ, కనెక్టర్లూ వేరుగా ఉంటాయి. అలాంటి వాటిలో విడి పవర్ కేబుల్ అక్కరలేని, 75 వాట్ల జీటీఎక్స్ 1650 రకం కార్డుతో సరిపెట్టుకోవాలి.

అపోహ: క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో వాడిన కార్డు ముట్టుకోకూడదు.

వాస్తవం: 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చాలావరకు ఆగిపోయింది, ఆ కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌ను ముంచెత్తాయి. వాటిలో సాధారణంగా ముందు అరిగేవి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు (వేడిని బయటికి చేరవేసే మెత్తని పలకలు), రెండూ మార్చుకోదగినవే. అసలు భయపడవలసింది నకిలీలకు. పాత చిప్‌కు కొత్త కార్డు బయోస్ ఎక్కించి అమ్మేవారున్నారు. 2304 కోర్లు ఉండవలసిన ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048 కోర్ల రకాన్ని అంటగట్టేవారూ ఉన్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే కోర్ల సంఖ్య కనిపిస్తుంది, చాలా నకిలీ ఎన్‌విడియా కార్డులను అది పేరు పక్కనే ఫేక్ అని చూపిస్తుంది. అమ్మేవారి మెషీన్‌లోనే అరగంట బరువైన ఆట నడిపి, తెరపై చుక్కలు, గీతలు వస్తున్నాయేమో చూసి డబ్బివ్వండి. అందుకు ఒప్పుకోనివారి దగ్గర కొనవద్దు.

డీడీఆర్3 మెషీన్లకు, బోర్డే పాడైన మెషీన్లకు, కోరుకున్న మార్పులన్నీ కలిపితే కొత్తదాని ఖర్చులో సగం దాటేవాటికి నేను మార్చేయమనే చెబుతాను. అయితే అన్నీ ఒకేసారి కొననక్కరలేదు. కేబినెట్, ఎస్‌ఎస్‌డీ, కార్డు ఉంచుకుని బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మాత్రం కొత్తవి తీసుకోవచ్చు. పాత మూడింటినీ విడివిడిగా కాక కాంబోగా అమ్మితే త్వరగా పోతాయి, డీడీఆర్4 అయితే ఈరోజు ధర కనుక్కున్నాకే బేరానికి దిగండి. పాత హార్డ్ డిస్క్‌ను మాత్రం వాటితో కలిపి ఇచ్చేయవద్దు. అందులో మీ ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి, మామూలుగా డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు.