ఉడుత ఏదని అడిగారు కదా

బుజ్జీ, చిన్నూ,

దసరాకి వచ్చినప్పుడు చూసిన ఉడుతని వదిలేశానని చెప్తే బుజ్జి ఏడ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

పిల్లి నోట్లోంచి దాన్ని విడిపించిన రోజు మీరు లేరు. తొడ మీద రెండు చిన్న గాట్లు, రక్తం కూడా పెద్దగా లేదు, కానీ పిల్లి పంటి గాటుని చిన్నదని వదిలెయ్యకూడదమ్మా, పిల్లి నోట్లో పాస్చురెల్లా అనే బాక్టీరియా ఉంటుంది, అది లోపలికి దిగితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కరుస్తుందని తువ్వాలుతో పట్టుకుని అట్టపెట్టెలో పెట్టి, ఒళ్ళు చల్లబడిందని వేణ్ణీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన ఆనించి, ఆ సాయంత్రమే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా, యాంటీబయాటిక్ ఇచ్చారు.

చిన్నూ పాలు పోద్దామంటే వద్దని కసిరాను, గుర్తుందా? నిరుడు గూట్లోంచి పడ్డ కళ్ళు తెరవని ఉడుతపిల్లకి తెలీక ఆవుపాలు పట్టాను, అదీ వెల్లకిలా పడుకోబెట్టి. ఆవుపాలు వాటికి పడవు, విరేచనాలవుతాయి, వెల్లకిలా పెట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండో రోజుకే పోయింది. ఇప్పటికీ బాధే నాకు.

ఇది కాస్త పెద్దదే, గింజలు కొరికే వయసు. మూడో వారానికి గాయం మానింది, పంజరంలో కట్టిన జామకొమ్మ మీద ఇటు నుంచి అటు గెంతుతోంది, వేరుశెనక్కాయ రెండు చేతుల్తో పట్టుకుని తిప్పుతూ తొక్క ఒలుచుకుని తింటోంది, అయినా నేను వదల్లేదు, ఎందుకంటే నా చెయ్యి చూస్తే దగ్గరికొచ్చేస్తోంది. అది మనకి ముద్దుగానే ఉంటుంది గానీ బుజ్జీ, బయట అందరూ నీలా ఉండరు కదా. అప్పట్నుంచి చేత్తో పెట్టడం, పలకరించడం మానేశా, తిండి పెట్టి లోపలికొచ్చేసేదాన్ని.

ఒకరోజు గోడ మీద అదే పిల్లి నడుచుకుంటూ వచ్చింది. మన ఉడుత కొమ్మకి అవతలి వైపు అతుక్కుపోయి, తోక ఝాడిస్తూ కిచ్ కిచ్‌మని ఒకటే అరుపు! నేను దగ్గరికెళ్తే నన్ను చూసీ అరిచింది. ఇంక వదిలెయ్యొచ్చు అనుకున్నా.

కానీ దీపావళి టపాకాయల మోత తగ్గేదాకా, ఆ తర్వాత ముసురు పోయేదాకా ఆగా. ఎండొచ్చిన రోజు పొద్దున్నే, చీకటి పడేలోపు చోటు వెతుక్కోడానికి టైం ఉంటుందని, పంజరం జామచెట్టుకి కట్టి తలుపు తీసిపెట్టా. పావుగంట గడప దగ్గరే కూర్చుంది, తర్వాత ఒక్క గెంతులో కొమ్మ మీదుంది. మూడు రోజులు వచ్చి గింజలు తినిపోయింది. నాలుగో రోజు గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, లోపల పరిచిన కొబ్బరిపీచు మాత్రం సగం లేదు.

మీ అమ్మమ్మ