లెక్కల పాఠంలో పుల్లలు, గింజలు, గళ్ల కాగితాలు: అపోహలు - వాస్తవాలు

ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. మొదటి ఏడాది నుంచీ నా సంచిలో చీపురు పుల్లల కట్టలు ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. వాటి గురించి తోటి టీచర్లు, తల్లిదండ్రులు అనే మాటల్లో కొన్ని సగం నిజం, కొన్ని పూర్తిగా తప్పు. ఒక్కొక్కటీ చెప్తాను.

అపోహ: వస్తువులు చేతికిస్తే చాలు, లెక్క దానంతట అదే అర్థమవుతుంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే ఇది వస్తువులంటే ఇష్టపడే మనలాంటి టీచర్లకే ఉండే అపోహ.

మూడో తరగతిలో ఒక పాప. 52 లోంచి 27 తీసెయ్యమంటే పలక మీద 35 వేసింది. ఏ స్థానంలో చూసినా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది, అంతే. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి "ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇవ్వమ్మా, ముందు ఏడు విడివి ఇవ్వు" అన్నాను. విడివి రెండే ఉన్నాయి. కాసేపు కట్టల వంక చూసింది, తర్వాత నేనేమీ చెప్పకుండానే ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు లాగేసి, పది పుల్లలూ ఆ రెండింటిలో కలిపేసి, ఏడు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది, ఆ వెనకే రెండు కట్టలు ఇచ్చింది. "ఇరవై ఐదు మిగిలాయి టీచర్" అంది. నాకు భలే సంతోషమేసి, ఇప్పుడు పలక మీద వెయ్యమన్నాను. మళ్లీ 35 వేసింది! ఏది కరెక్టు అనడిగితే "పుల్లలతో అయితే 25, పలక మీద అయితే 35" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ పాప దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు. ఆ రెండూ ఒకటేనని చూపించాల్సింది నేను, చూపించలేదు. మర్నాడు పద్ధతి మార్చాను. చేత్తో ఒక పని చేస్తే వెంటనే అది పలక మీదికి రావాలి. కట్ట విప్పగానే 5 కొట్టేసి 4 రాయాలి, ఒకట్ల నెత్తిన 12 వెయ్యాలి, ఆ తర్వాతే ఏడు పుల్లలు తియ్యాలి. రెండు మూడు రోజులయ్యాక పుల్లలు పక్కన పెట్టి కట్టకు నిలువు గీత, పుల్లకు చుక్క గీసుకోమన్నాను, ఆ తర్వాత ఉత్త అంకెలు. 1960ల్లో అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పిన చేతి పని, బొమ్మ, గుర్తు అనే మూడు దశలు ఇవే. సింగపూర్ 1980ల నుంచి తన గణిత పాఠాలను ఈ ఆలోచన మీదే కట్టుకుంది.

అన్నట్టు, "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అనే మాట అప్పటినుంచే మానేశాను. అప్పంటే తిరిగివ్వాలి కదా, తీసివేతలో ఎవరూ ఏదీ తిరిగివ్వరు. "కట్ట విప్పు" అంటే చాలు, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

అపోహ: మంచి కిట్టు కావాలి, ఎంత రంగురంగులుగా ఉంటే అంత మంచిది

మాంటిసోరి బడుల్లో స్థాన విలువలు నేర్పడానికి వాడే బంగారు పూసలు చూసినవాళ్లకు తెలుసు, ఒకటైనా, పదైనా, వందైనా, వెయ్యైనా అన్నీ ఒకటే రంగు. తేడా అంతా పరిమాణంలోనే, పిల్లల కన్ను పడాల్సిందీ దానిమీదే. ఆ పద్ధతిని రూపొందించి, 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిసోరి ఈ విషయంలో ఎంత జాగ్రత్తపడ్డారో ఆ పూసలు చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. అమెరికాలో 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో, అచ్చం నిజం నోట్లలా ఉన్న డబ్బులతో లెక్కలు చేసిన పిల్లలే ఎక్కువ తప్పులు చేశారు. ఆ తప్పుల్లో లెక్క అర్థంకాక చేసినవి తక్కువే అని కూడా తేలింది, కాబట్టి నోట్లు పనికిరావని కాదు, ఎప్పుడు ఇస్తున్నామో చూసుకోవాలి.

నా వరుస ఇదీ: ముందు పుల్లల కట్ట, దాన్ని విప్పొచ్చు. తర్వాత ప్లాస్టిక్ పదుల కడ్డీ, దాన్ని విప్పలేం, పది ఒకట్లకు మార్చుకోవాలి. ఆ తర్వాతే పది రూపాయల నోటు. నోటులో పది ఒకట్లు ఎక్కడా కనిపించవు, ఊహించుకోవాలి. కిట్టు వచ్చింది కదా అని నేరుగా కడ్డీలతో మొదలుపెడితే పిల్లలు మొదటి మెట్టు ఎక్కకుండానే వదిలేసినట్టే.

అపోహ: వేళ్ల మీద లెక్కపెట్టనిస్తే ఎప్పటికీ మానరు

దగ్గరి దారి దొరికితే వాళ్లే మానేస్తారు. వేళ్లు దాచెయ్యమని కసిరితే బల్ల కింద లెక్కపెడతారు, పైగా టెన్షన్ ఒకటి. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్ట ట్రేలో 30 గుంటలు ఉంటాయి, ఐదేసి చొప్పున ఆరు వరసలు. రెండేసి వరసలుగా కోస్తే మూడు పది గళ్ల చట్రాలు తయారు. ఒకదాంట్లో ఎనిమిది చింతగింజలు, ఇంకోదాంట్లో ఐదు వేసి మొత్తం ఎన్నో చెప్పమనండి. ఖాళీగా ఉన్న రెండు గుంటలు పిల్లల కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఐదులోంచి రెండు ఇటు వచ్చేస్తాయి, పది, మూడు, పదమూడు. కొన్నాళ్లకు ఆ ట్రే మనసులోనే కనిపిస్తుంది, ఇక వేళ్లెందుకు?

అపోహ: భిన్నాలకు రొట్టె బొమ్మ ఉంటే చాలు

సగం, పావు దాకా రొట్టె బాగానే పనిచేస్తుంది. 3/2 దగ్గర ఒక పిల్లాడు అడిగాడు: "రెండు ముక్కలు చేసిన రొట్టెలోంచి మూడు ముక్కలెలా తీస్తాం టీచర్?" న్యాయమైన ప్రశ్న. ఎప్పుడూ ఒకే రొట్టె చూపిస్తే భిన్నమంటే ఒకదానికి మించనిదనే ముద్ర పడిపోతుంది. అందుకే కాగితం పట్టీలు మడతపెట్టిస్తాను, ఆ పట్టీలనే సంఖ్యారేఖ మీద పక్కపక్కన పరుస్తాను. సగం పట్టీలు మూడు పరిస్తే ఒకటి దాటి ఒకటిన్నర దగ్గర ఆగుతుంది, వాడి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఇంకో జాగ్రత్త, పోల్చే పట్టీలు సమాన పొడవులో ఉండాలి. చిన్న పట్టీలో సగం, పెద్ద పట్టీలో పావు పక్కపక్కన పెడితే పావే పెద్దదనిపించొచ్చు.

అపోహ: ఇవన్నీ చిన్న తరగతులకే

హైస్కూల్లో (a+b)² అంటే a²+b² అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్లకు సూత్రం ఇంకోసారి చదివించడం కన్నా గళ్ల కాగితం ఇవ్వడం నయం. ముందు 23×14 దీర్ఘచతురస్రం గీయించండి, 23ని 20, 3గా విడదీస్తూ నిలువుగా ఒక గీత, 14ని 10, 4గా విడదీస్తూ అడ్డంగా ఒక గీత. నాలుగు గదులు వస్తాయి: 200, 30, 80, 12. మొత్తం 322. ఇప్పుడు అదే బొమ్మలో రెండు వైపులా a, b పెట్టండి. రెండు ab గదులు ఎదురుగా కనిపిస్తుంటే వాటిని వదిలేయడం కష్టం.

రుణ సంఖ్యలకు రెండు రంగుల గుండీలు. తెల్లది +1, ఎర్రది -1 అనుకుంటే, ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి కలిస్తే సున్నా.

అపోహ: వీటితో కూర్చుంటే సిలబస్ పూర్తికాదు

మొదటి వారం ఆలస్యమవుతుంది, నిజమే. కానీ నూట ఐదుని 1005 అని రాసే పిల్లలు ఐదో తరగతిలో కూడా ఉన్నారు, ఆ తప్పు దిద్దడానికి ఏటా పోతున్న రోజుల్ని ఎవరూ లెక్కెయ్యరు. వాళ్లు విన్నది విన్నట్టు రాస్తున్నారు, నూరు, దాని పక్కన ఐదు. పాత పెళ్లి పత్రికల అట్టలు కోసి 100, 200, 10, 20, 1, 2 ఇలా స్థాన విలువ కార్డులు చేసుకోండి, వందల కార్డు మూడంకెల వెడల్పు, పదులది రెండు, ఒకట్లది ఒకటి. నూట ఐదు చెయ్యమంటే పిల్లలు 100 కార్డు పెట్టి, చివరి సున్నా మీద 5 కార్డు కప్పుతారు, 105 కనిపిస్తుంది. 5 కార్డు పైకెత్తి కింద ఏముందో చూడమనండి, సున్నా అక్కడే ఉంటుంది. ఒక తరగతికి సరిపడా కార్డులు చెయ్యడానికి నాకు పట్టింది ఒక ఆదివారం సాయంత్రం, ఇది వాటికి ఆరో ఏడాది.