షేర్లు, హక్కులు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో కంపెనీ సెక్రటరీగా పనిచేస్తున్నాను. మారతహళ్లి, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ వైపు స్టార్టప్‌లలో ఉన్న మనవాళ్లు తరచూ అడిగే విషయాలివి. ఎన్ని షేర్లున్నాయనే అందరూ చూస్తారు. ఏ రకం షేర్లో కూడా చూడండి.

అపోహ: ఈసాప్ (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనేందుకు ఉద్యోగికిచ్చే హక్కు) లెటర్ వచ్చింది కాబట్టి నేను వాటాదారునే.
వాస్తవం: ఇంకా కాదు. వెస్టింగ్‌కు (ఆ హక్కు మీకు ఖాయం కావడానికి) కనీసం ఏడాది ఆగాలి. తర్వాత డబ్బు కట్టి, షేర్లు మీ పేరున జారీ అయ్యేదాకా ఓటూ లేదు, డివిడెండూ లేదు.

అపోహ: నాకు 1 శాతం ఉంది. కంపెనీ 100 కోట్లకు అమ్ముడైతే కోటి నాదే.
వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఇన్వెస్టర్ల చేతిలో ఉండేవి మామూలుగా ఈక్విటీగా (సాధారణ షేర్లుగా) మారే ప్రిఫరెన్స్ షేర్లు, అంటే చెల్లింపుల్లో ముందు వరుసలో ఉండేవి. వాళ్లు 80 కోట్లు పెట్టి 40 శాతం తీసుకున్నారనుకోండి. పెట్టిన డబ్బు ముందు తమకే రావాలని ఒప్పందంలో రాసుకుంటారు. ఈక్విటీగా మార్చుకుంటే 40 కోట్లే వస్తాయి కాబట్టి ఆ 80 కోట్లే తీసుకుంటారు. మిగిలిన 20 కోట్లను మిగతా 60 శాతం వాళ్లు పంచుకోవాలి. మీ వంతు సుమారు 33 లక్షలు, అదీ పన్నుకు ముందు. ఆ కోటిని నమ్ముకుని ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి. మీ ముందున్న ప్రిఫరెన్స్ మొత్తం ఎంతో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

అపోహ: ప్రిఫరెన్స్ వాటాదారుకు ఓటే ఉండదు.
వాస్తవం: తన హక్కుల్ని నేరుగా తాకే తీర్మానాల మీద ఉంటుంది. రెండేళ్లు లేదా అంతకు మించి డివిడెండ్ బాకీ పడితే అన్ని తీర్మానాల మీదా వస్తుంది. ప్రైవేట్ కంపెనీ తన నియమావళి అయిన ఆర్టికల్స్‌లో దీన్ని మార్చుకోవచ్చు, అందుకే ఆర్టికల్స్ చదవాలి.

అపోహ: నాన్న షేర్లకు నామినీ నేనే, కాబట్టి అవి నావే.
వాస్తవం: కావు. నామినేషన్ వారసత్వాన్ని మార్చదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అక్కాచెల్లెళ్ల వాటా వాళ్లదే. వీలునామా రాయమని పెద్దవాళ్లను అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: ఒక్క షేరున్నవాడిని ఎవరు పట్టించుకుంటారు?
వాస్తవం: చట్టం పట్టించుకుంటుంది. లిస్టెడ్ కంపెనీ వార్షిక సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు పంపాలి. వాటాదారుల సమావేశాల్లో జరిగింది నమోదు చేసే మినిట్స్‌ను పైసా కట్టకుండా చూడొచ్చు. కాపీ కావాలంటే నిర్ణీత ఫీజు కట్టాలి, ఏడు పనిదినాల్లో ఇవ్వాలి. బోర్డు మీటింగుల మినిట్స్‌కు మాత్రం ఈ హక్కు వర్తించదు.